ఉడుంబికి నాలుగే విద్యలు

విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో పైడమ్మ టైలరింగ్ షాపు తెలియని ఆడవాళ్ళు తక్కువ. మెడలో టేపు వేలాడుతున్నా దానితో ఆమెకు పెద్ద పని ఉండేది కాదు. మనిషి గుమ్మం ఎక్కుతుండగానే భుజం కొలత, చేతి చుట్టు కంటితోనే తేల్చేసేది. ఇరవై ఎనిమిదేళ్ళు అలా కుట్టిన మనిషి చేతిలోంచి, ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం పొద్దున్న పెళ్ళివారి జాకెట్టు ముక్క కత్తిరిస్తుండగా కత్తెర జారి కింద పడింది. తియ్యడానికి వంగబోయి పైడమ్మ కూడా పడిపోయింది.

ఆస్పత్రిలో ప్రాణం దక్కింది. నడక వచ్చింది. మాట కాస్త ముద్దగా అయినా తిరిగి వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. నాలుగు నెలల పాటు రోజూ వ్యాయామం చేయిస్తే ఉంగరపు వేలూ చిటికెన వేలూ కొద్దిగా వణకడం మొదలుపెట్టాయి. అంతకుమించి ఏమీ లేదు.

ఆమెతో పాటు ఆ ఇంట్లో ఉండేది మేనకోడలు నీలవేణి ఒక్కతే. తల్లి పోయి, తండ్రి మరో పెళ్ళి చేసుకుని రాయగడ వెళ్ళిపోయినప్పుడు నీలవేణికి ఆరేళ్ళు. అప్పటినుంచి అమ్మైనా నాన్నైనా మేనత్తే. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తూ, ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి అత్తకి జడ వెయ్యడం, అన్నం కలిపి పెట్టడం కూడా నేర్చుకుంది. పైడమ్మ తినేటప్పుడు ఒక్క ముద్దకీ వంక పెట్టేది కాదు. ఆ వంక పెట్టకపోవడమే నీలవేణికి కష్టంగా ఉండేది.

విశాఖపట్నంలో, సముద్రం వైపున్న కొండమీద ఒక ప్రయోగశాల ఉందని, అక్కడ ఇలాంటి చేతుల కోసం ఏదో కొత్తది కనిపెట్టారని ఫిజియోథెరపీ చేయించే అబ్బాయి చెప్పాడు. ఇద్దరూ ప్యాసింజరు బండెక్కి వెళ్ళారు. అక్కడ డాక్టర్ షమీమ్ చేసిన పని నీలవేణిని ఆశ్చర్యపరిచింది. ఆమె రిపోర్టులు ఒక పక్కన పెట్టి, తమను ఒక గదిలోకి తీసుకువెళ్ళి, తెర మీద ఆట ఆడుతున్న ఒక మనిషిని చూపించింది.

ఆ ఆట నీలవేణికి కొత్తది కాదు. దాని పేరు అడవిపోరు. ఆటగాడు ఒక జీవిని ఎంచుకుని, దానికి నాలుగు విద్యలు నేర్పి, ఎదుటివాడి జీవితో తలపడాలి. విద్యలు వందల్లో ఉన్నా ఒక జీవికి నాలుగే. ఏ నాలుగు అన్నదాని మీదే సగం గెలుపు. పంతొమ్మిదేళ్ళప్పుడు నీలవేణి హైదరాబాదు దాకా వెళ్ళి రెండు రాష్ట్రాల పోటీలు ఆడి వచ్చింది. పైడమ్మ తోడు వెళ్ళి, హాలు బయట మెట్ల మీద పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని రోజంతా కూర్చుంది. లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. ఊరొచ్చాక మాత్రం, మా గుంట జంతువుల్తోటి యుద్ధం సేసొచ్చింది అని జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఆ గదిలో ఆడుతున్న మనిషి పేరు కనకారావు. లారీ డ్రైవరు. అతని చేతుల్లో మీటలేవీ లేవు. కుడిచెయ్యి బల్ల మీద చచ్చుగా పడి ఉంది. తెర మీద అతని దున్నపోతు కొమ్ములతో ఎదుటి జీవిని కుమ్మిన మరుక్షణం, బల్ల మీది చెయ్యి పిడికిలి బిగించింది. పైడమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

మెడ వెనక చర్మం కింద పెట్టే శనగగింజంత పరికరం అది. దాన్ని వాళ్ళు వారధి అంటున్నారు. చెయ్యి కదలాలన్న కోరిక మెదడులో ఇంకా పుడుతూనే ఉంటుంది, అది చేతికి చేరే దారే తెగిపోయింది. వారధి ఆ కోరికను పట్టుకుని వేరే దారిన కండరానికి అందిస్తుంది. అయితే ఏ కోరిక ఏ కదలికకో దానికి నేర్పాలి. వ్యాయామంలా నేర్పితే వారానికే మరిచిపోయింది. మనిషి ఒళ్ళు మరిచి, గెలవాలన్న పట్టుదలతో ఉన్నప్పుడు నేర్చుకున్నది మాత్రం చెరగకుండా నిలిచింది. అందుకే ఆట. జీవి చేసే ఒక్కో విద్యనూ చేతి కదలిక ఒక్కోదానికి ముడిపెట్టారు. అందులో నాలుగు దారులకే చోటుంది. ఆరు వారాల్లో కండ దాని చుట్టూ మూసుకుపోతుంది. ఆలోగా నేర్చిన నాలుగూ జన్మంతా ఉంటాయి. నేర్వనివి ఇక రావు.

"ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఇప్పుడు మీకు ఆ రెండు వేళ్ళలో వణుకుంది కదా, అది పోవచ్చు. వారధి మిగిలిన నరాలన్నింటినీ తన నాలుగు పనులకే వాడేసుకుంటుంది. ఆలోచించుకుని రండి," అంది డాక్టర్ షమీమ్.

బయటికి వస్తుంటే వరండాలో కనకారావు భార్య అతని పక్కన కూర్చుని, బిగిసిన పిడికిలిని ఒక్కో వేలూ పట్టి విప్పుతోంది. బొటనవేలు విప్పేసరికి చూపుడువేలు మళ్ళీ మూసుకుంది. నీలవేణి ఆగిపోవడం చూసి కనకారావు తనే పిలిచాడు. తాను ఈ ప్రయోగంలో మొదటివాడినని, గెలుస్తూ ఉంటేనే నేరుస్తుందన్నారు కదా అని నాలుగూ దెబ్బకొట్టే విద్యలే పెట్టుకున్నానని చెప్పాడు. అన్నీ నెగ్గాడు. నాలుగూ చెయ్యి బిగించేవే అయ్యాయి.

"గెలిసేను సెల్లెమ్మా. నీళ్ళగ్లాసు గట్టిగా పట్టుకుంతాను. కింద పెట్టలేను," అన్నాడు. "మీ యత్తకి నాలుగూ రాసేటప్పుడు ముందు ఇడుపు రాయి, ఏల్లు ఇప్పీది. నాకు సెప్పినోలు లేరు. డాక్టరమ్మకీ అప్పటికి తెల్దు."

అతను అది చెప్పకపోతే ఏమయ్యేదో నీలవేణి ఆ తరవాత చాలాసార్లు తలుచుకుంది. ఆటగత్తెగా తాను కూడా అతను రాసుకున్నవే రాసి ఉండేది.

పైడమ్మ ఒప్పుకుంది. వారధి పెట్టడానికి ముందు నాలుగు విద్యలూ నిర్ణయించుకోవాలి. డాక్టర్ షమీమ్ ఏ విద్య ఏ కదలికో రాసి ఉన్న జాబితా ఇచ్చింది. జాకెట్ల నమూనాలు గీసుకునే ఖాకీ కాగితం నీలవేణి షాపులోంచి తెచ్చి నేల మీద పరిచింది. జీవి విషయంలో తర్జనభర్జన లేదు. చేతి కదలికలకు దగ్గరగా ఉండే విద్యలు ఎక్కువున్నది ఉడుంబికే. ఉడుములా ఉంటుంది, పొట్టి కాళ్ళు, పొడుగు తోక. పై శ్రేణి ఆటగాళ్ళు దాన్ని పెద్దగా లెక్కచెయ్యరు.

మొదటి విద్య ఉడుంపట్టు. అది వేళ్ళు మూసుకోవడం. రెండోది విడుపు, వేళ్ళు తెరుచుకోవడం. మూడోది మెలి, మణికట్టు తిరగడం. ఈ మూడింటి దగ్గర అత్తాకోడళ్ళకు పేచీ రాలేదు. పేచీ ఆటతోనే వచ్చింది. అడవిపోరులో విడుపును ఎవరూ పెట్టుకోరు. ఎదుటి జీవిని ఉడుంపట్టు పడితే అది పారిపోలేదు, కొరికినా పట్టు వదలదు. అలాంటి పట్టును కోరి వదిలేవాడెవడు? వదిలితే మనం ఆడే వంతు ఒకటి వృథా, పైగా ఎదుటివాడి దెబ్బ. అలా వరసగా ఓడిపోతే ఆట కింది శ్రేణికి దింపేస్తుంది. అక్కడ ఆడేవాళ్ళంతా చేతకానివాళ్ళు. వాళ్ళతో ఆడితే ఒళ్ళు మరిచే పట్టుదల ఎక్కడిది? పట్టుదల లేకపోతే వారధి నేర్వదు. కాబట్టి అత్తకు కావలసిన చెయ్యీ ఉండాలి, గెలిచే జీవీ కావాలి. రెండూ ఒక కాగితం మీద ఇమడడం లేదు.

నీలవేణి దుకాణానికి సెలవు పెట్టి, తన ఫోనులో తనే ఉడుంబిని తీసుకుని ఆడి చూసింది. పదకొండు ఆటలు ఓడింది. విడుపును పట్టుకు ముందు వేసి చూసింది, వెనక వేసి చూసింది, మెలితో జత చేసి చూసింది. ఏదీ కుదరలేదు. పన్నెండో ఆట కూడా పోయాక ఫోను పక్కన పడేసింది.

అప్పుడే పక్కింటి ఎర్రయ్యమ్మ డాబా మీద ఆరిన దుప్పట్లు తెచ్చి, ఒక చివర పట్టుకోమంది. మడత పడాలంటే ఇద్దరూ చెరోవైపు లాగాలి. ఎర్రయ్యమ్మ భారీ మనిషి, లాగడం కూడా భారీగానే లాగింది. నీలవేణి మనసు ఆటలో ఉంది, చివర చేతిలోంచి జారిపోయింది. ఎర్రయ్యమ్మ రెండడుగులు వెనక్కి తూలి, దుప్పటితో సహా బియ్యం బస్తా మీద కూలబడింది. పైడమ్మ నవ్వింది. మూతి ఒక పక్కకే సాగినా, ఏప్రిల్ తరవాత ఆమె పగలబడి నవ్వడం అదే. ఎర్రయ్యమ్మ తిట్టబోయి, ఆ నవ్వు చూసి తనూ నవ్వేసింది.

నీలవేణి మాత్రం నవ్వలేదు. ఖాకీ కాగితం ముందుకు లాక్కుంది. పట్టులో ఉన్న జీవి చేసే మొదటి పని గుంజుకోవడం. ఎంత పెద్ద జీవి అయితే అంత గట్టిగా గుంజుతుంది. అది గుంజే వంతులోనే ఉడుంబి పట్టు వదిలేస్తే? ఆట నియమాలు తిరగేసింది. ఎక్కడో అడుగున రెండు వాక్యాలున్నాయి. ఎదురుబలం లేకుండా పోయిన జీవి తన గుంజుడు బలానికే వెల్లకిలా పడుతుంది, ఒక వంతు లేవలేదు. ఇది ఎవరూ వాడి ఉండరు. వాడాలంటే ఎదుటివాడు ఏ వంతులో గుంజుతాడో ముందే పసిగట్టాలి. ఒక వంతు ముందు వదిలితే వాడు కొరికేస్తాడు, ఒక వంతు ఆలస్యమైతే గుంజుకుని పోతాడు. ఇద్దరి ఎత్తులూ ఒకేసారి బయటపడతాయి గనుక చూసి చేసేది కాదు.

వెల్లకిలా పడ్డాక మెలి వేసి కడుపు వైపు చేరాలి. అక్కడ చిన్న దెబ్బ కూడా మూడింతలు తగులుతుంది. ఆ చిన్న దెబ్బ ఏదన్నదే నాలుగో గడి.

ఆ గడి మూడు రోజులు ఖాళీగా ఉంది. నీలవేణి మనసులో ఉన్నది ఎగదూకు. దాంతో మోచెయ్యి వంగి చెయ్యి నోటిదాకా వస్తుంది. డాక్టర్ షమీమ్ మాట కూడా అదే, మనిషికి ముందు తన అన్నం తాను తినగలగాలి అంది. పైడమ్మ జాబితాలో మరో పేరు మీద ఎడమచేతి వేలు పెట్టింది. అది గోటిగిల్లు. బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిసే కదలిక.

"అత్తా, ఎగదూకు పెడితే కుడిచేత్తో తింటావు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పదిమందిలో కూర్చుని ఎడంచేత్తో తినగలవా నువ్వు?"

"తింతాను," అంది పైడమ్మ.

"అందరూ చూస్తారు."

"సూడనీ. ముద్ద ఎడంసేత్తోనైనా నోట్లోకెల్తాది గుంటా. దారం ఎడంసేత్తో సూదిలోకెల్లదు. నాకు తెల్దేటి, పట్టి పట్టి సూసేను, నువ్వు దుకానానికెల్లినప్పుడల్లా."

అత్త ఒంటరిగా కూర్చుని అలా ప్రయత్నిస్తోందని నీలవేణికి అప్పటిదాకా తెలియదు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, కాసేపు అక్కడే నిలబడి, మొహం కడుక్కుని వచ్చి నాలుగో గడిలో గోటిగిల్లు రాసింది. ఆటగత్తెగా చూస్తే అది సరైన ఎన్నిక కూడాను. కడుపు కింద గిల్లడానికి దూకక్కర్లేదు.

వారధి పెట్టిన ఎనిమిదో రోజున ప్రయోగశాల గదిలో ఆట మొదలైంది. తెర పక్కన నాలుగు గీతలుండేవి, ఒక్కో విద్యకు ఒకటి. నిజమైన పట్టుదలతో ఆ విద్య చేసినప్పుడల్లా గీత ఒక వెంట్రుక పెరుగుతుంది. నిండితే ఆకుపచ్చ అవుతుంది. ఎదురు ఆడేవాళ్ళు ఎక్కడెక్కడో ఇళ్ళలో కూర్చుని ఉంటారు. ఇవతల ఉన్నది రోగి అని వాళ్ళకు చెప్పకూడదన్నది ప్రయోగశాల నియమం. జాలిపడి ఆడినవాడితో ఆడితే గీత కదలదు, అది వాళ్ళు ముందే చూశారు.

మొదటి వారం పైడమ్మకు ఏదీ అర్థం కాలేదు. పట్టు అనుకుంటే మెలి పడేది. పదిహేడు ఆటలు పోయాయి. నీలవేణి ప్రతి ఆట తరవాత కాగితం మీద బొమ్మ గీసి, ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పేది. పైడమ్మ రెండు రోజులు విని, మూడో రోజు ఆ కాగితం పక్కకు నెట్టింది. ఎదుటివాడి బొమ్మ చూస్తే చాలు, వాడిప్పుడు లాగుతాడో లేదో తనకు తెలుస్తుందంది. గుడ్డ ఎటు సాగుతుందో లాగకముందే వేలికి తెలుస్తుందట, ఇదీ అంతేనట. నీలవేణికి నమ్మకం కలగలేదు. మర్నాడు ఒక అడవిదున్న పట్టులో చిక్కి, ఒకటి, రెండు, మూడు వంతులు కదలకుండా ఉంది. నాలుగో వంతులో పైడమ్మ వదిలింది. దున్న గుంజింది. కాళ్ళు నాలుగూ పైకి లేచి దభీమని పడింది. గదిలో ఉన్న ఇద్దరు సహాయకులూ లేచి నిలబడ్డారు. ఆ తరవాత శ్రేణి ఎక్కడం మొదలైంది.

మూడు గీతలు నిండడానికి మూడున్నర వారాలు పట్టింది. ముందు పట్టు, తరవాత గిల్లు, ఆపైన మెలి. విడుపు మాత్రం సగం దాటి ఆగిపోయింది. పట్టు ప్రతి ఆటలో పదిసార్లు వస్తుంది, విడుపు ఒకటో రెండో సార్లు. ఇంకో వారంన్నర ఉందనగా, ప్రయోగశాల బల్ల మీద పైడమ్మ చెయ్యి పెన్సిలు పట్టుకుంది, తిప్పింది, గిల్లింది. వదల్లేదు. నీలవేణి ఆ వేళ్ళు ఒక్కోటీ విప్పి పెన్సిలు తీసింది. తీస్తున్నంతసేపూ వరండాలోని కనకారావు భార్య కళ్ళముందు ఆడింది.

ఆ వారంలోనే ఓదెలు తగిలాడు. అప్పటికి వాళ్ళకు తెలిసింది అతని ఆటపేరు ఒక్కటే, అతని జీవి నల్లెలుగు. మొదటి ఆటలో పైడమ్మ ఎప్పుడు వదులుతుందో కనిపెట్టి, గుంజకుండా కూర్చుని, ఉడుంబి మెడ కొరికేశాడు. రెండో ఆటలోనూ అంతే. మూడో ఆటలో ఆమెను గీత ఒక్క వెంట్రుక కూడా పెంచనివ్వకుండా ముగించాడు. ఆ శ్రేణిలో ఆ వేళప్పుడు ఆడేవాళ్ళు తక్కువ, మళ్ళీ మళ్ళీ అతనే ఎదురవుతున్నాడు. అయిదు రోజులు మిగిలాయి. పైడమ్మ మెడ పట్టేసి, కళ్ళు ఎర్రబడి, కుర్చీలోనే కునికిపాట్లు పడుతోంది.

నీలవేణి చెయ్యకూడని పని చేసింది. ఆటలో ఉన్న సందేశాల పెట్టెలో అతనికి అంతా రాసింది. అవతల ఉన్నది యాభై నాలుగేళ్ళ మా అత్త, ఆమె చెయ్యి ఈ ఆట మీద ఆధారపడి ఉంది, దయచేసి రేపటినుంచి గుంజండి, ఓడిపోండి. తన ఫోను నంబరు కూడా రాసింది. పంపిన మరుక్షణం భయం వేసింది కానీ వెనక్కి తీసుకోలేదు.

పావుగంటలో ఫోను మోగింది. పెద్దపల్లి దగ్గర కరెంటు లైన్‌మన్‌నని, పేరు ఓదెలని చెప్పాడు. ముందు ఏం మాట్లాడాలో అతనికీ తోచలేదు. మెల్లగా ఒక్కో ప్రశ్నా అడిగాడు. ఆ గీత ఎట్లా పెరుగుతుంది, దేనికి ఆగుతుంది, ఎన్ని రోజులుంది. నీలవేణి అన్నీ చెప్పింది.

"మరి నేను ఉత్తగ ఓడిపోతే ఆమెకు ఫాయిదా ఉంటదా?" అని అడిగాడు.

నీలవేణి ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

"డాక్టరమ్మ ఏమన్నది అక్కా?"

"జాలిపడి ఆడితే గీత కదలదంది."

"మరి గట్లైతే నేనెట్ల ఇడిచిపెడ్త? నేను ఇడిచిపెడ్తె ఆమె చెయ్యి ఇడువది."

తరవాత అతనే అన్నాడు, ఆమెకి ఈ సంగతి చెప్పొద్దని. సాయంత్రం అయిదింటికి డ్యూటీ దిగుతాడట, ఈ అయిదు రోజులూ దిగిన వెంటనే ఆడతాడట, ఒక్కరోజు కూడా మానడట. ఎంత గట్టిగా ఆడగలడో అంత గట్టిగా ఆడతాడట. నీలవేణి థాంక్స్ చెప్పబోతే అప్పుడే వద్దన్నాడు.

ఆ అయిదు సాయంత్రాలంత పొడుగైనవి నీలవేణి బతుకులో మళ్ళీ రాలేదు. ఓదెలు ప్రతిరోజూ కొత్త ఎత్తు వేసేవాడు. ఒకరోజు మొదటి వంతులోనే గుంజాడు, ఒకరోజు అసలు గుంజనే లేదు. పైడమ్మ తిట్టుకుంటూ, పళ్ళు బిగించి, ఈడి అమ్మ కడుపు సల్లగుండ, ఈడేం మనిసిరా అనుకుంటూ ఆడింది. రెండోరోజు ఒకసారి పడేసింది. మూడోరోజు నాలుగుసార్లు. అతను పడ్డ ప్రతిసారీ మరుసటి ఆటలో ఇంకా తెలివిగా వచ్చేవాడు, ఆమె ఇంకా లోతుగా చూసేది. గీత మెల్లగా పైకి పాకింది.

అయిదో రోజు ఆఖరి ఆటలో ఉడుంబి ఆయువు అట్టడుగున ఉంది. పట్టు పడింది. ఎలుగు కదల్లేదు. ఒక వంతు, ఇంకో వంతు. అది కొరికితే ఆట అయిపోతుంది. పైడమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఇప్పుడు వదలాలని నీలవేణికి అనిపించింది, అత్త వదల్లేదు. మళ్ళీ అనిపించింది, అత్త వదల్లేదు. ఏడో వంతులో వదిలింది. ఎలుగు ఆ వంతులోనే గుంజింది, కొండ విరిగినట్టు వెనక్కి పడింది. ఉడుంబి మెలి వేసింది, గిల్లింది. ఎలుగుకు ఇంకో పిసరు ఆయువు మిగిలిపోయింది. లేచి ఒక్క దెబ్బతో ఉడుంబిని పడగొట్టింది.

ఆట ఓడిపోయింది. తెర పక్కన నాలుగో గీత ఆకుపచ్చగా ఉంది.

డాక్టర్ షమీమ్ పెన్సిలు తెచ్చి పైడమ్మ చేతిలో పెట్టింది. వేళ్ళు మూసుకున్నాయి. వేళ్ళు తెరుచుకున్నాయి, ఒకదాని తరవాత ఒకటి. పెన్సిలు బల్ల మీద దొర్లింది. పైడమ్మ దాన్ని మళ్ళీ తీసుకుని మళ్ళీ వదిలింది. అలా పదిసార్లు చేసి, అప్పుడు తల వంచి ఏడ్చింది.

ఉంగరపు వేలూ చిటికెన వేలూ పట్టుకీ విడుపుకీ మిగతావాటితో కలిసి వస్తాయి, వాటంతట అవి ఇక వణకవు. డాక్టర్ షమీమ్ సూదితో తాకి చూస్తే ఆ రెండింటికీ స్పర్శ తెలియలేదు. తన వల్ల పోయినదాన్ని కూడా రాసుకుంటానని ఆమె పుస్తకం తీసింది. నాలుగొచ్చాయి కదమ్మా, రెండు పోతే పోయాయి అని పైడమ్మే ఆమెకు ధైర్యం చెప్పింది. ఆ తరవాత పరీక్షలకు వెళ్ళిన ప్రతి శనివారం వరండాలో కనకారావు పక్కన కూర్చుని, అతని భార్యను టీ తాగి రమ్మని పంపి, ఎడమచేత్తో తన కుడిచెయ్యి అక్కడికి చేర్చి, ఆ పిడికిలి తనే కుడిచేత్తో విప్పేది.

మొదటి చొక్కా కుట్టడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అది ఎవరికోసమో నీలవేణి చెప్పాల్సి వచ్చింది. పెద్దపల్లి నుంచి ఒక ఆటగాడు చూడడానికి వస్తున్నాడని మాత్రం చెప్పింది, సందేశం సంగతి నోట రాలేదు. కొలతలు ఎలా అని అడిగితే, ఫొటో తెప్పించమని చెప్పి, అది చూసి గుడ్డ కత్తిరించింది పైడమ్మ.

ఓదెలు ఒక ఆదివారం పొద్దున్న దిగాడు. ఎండకి నల్లబడ్డ సన్నటి మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. చొక్కా తొడుక్కుని చూశాడు. కాలరు ఒక పక్క కాస్త ఎత్తుగా ఉంది, భుజాలు మాత్రం అచ్చు కొలిచినట్టు కుదిరాయి. భోజనాల దగ్గర పైడమ్మ ఎడమచేత్తో తింది. మొదటి ముద్దకి ఒక్క క్షణం ఆగి అతని వైపు చూసింది. అతను పప్పు కలుపుకుంటున్నాడు, ఎదురుగా ఏదీ వింత లేనట్టే ఉన్నాడు. ఆమె ఇక ఆగకుండా తింది.

మజ్జిగ అన్నం దాకా వచ్చాక ఓదెలు తల వంచుకుని అసలు మాట చెప్పాడు.

"అమ్మా, మీరు బీమారున్నరని నాకు ముందుగాలనే తెలుసు. అక్క నాకు చెప్పింది, ఓడిపొమ్మన్నది. నేను ఓడలే. ఆఖరి రోజు గుడ ఓడలే. ఏమనుకోకుండ్రి."

నీలవేణి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నియమం తప్పినందుకు కాదు, అత్త బలాన్ని తాను నమ్మలేదన్నది బయటపడినందుకు తలెత్తలేకపోయింది.

పైడమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. తరవాత ఓదెలు వైపు తిరిగింది.

"నీకు జాలుంటే నా సెయ్యుండీది కాదు నాయినా. నిన్ను రోజూ తిట్టేను. అయ్యన్నీ దీవెనలనుకో."

ఆ తరవాత నీలవేణి వైపు తిరిగింది. ఆమె తిడుతుందనే నీలవేణి అనుకుంది, తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"ముక్కూ మొకం తెలీనోడి కాల్లట్టుకున్నావన్నమాట, నాకోసరం," అంది పైడమ్మ. "సేసింది తప్పే. కానీ నాకోసరం తప్పు సేసీ మనిసున్నాది నాకు. అదేటి తక్కువా?"

పైడమ్మ మజ్జిగ గిన్నె ఓదెలు ముందుకు జరిపి, ఇంకొంచెం వేసుకోమని చెప్పి, కాలరు సరిచేస్తాను, భోంచేశాక చొక్కా విప్పి ఇమ్మంది.